నేను రాలేదంటే నిద్రపోండి

స్క్రూడ్రైవరు గరిటెల స్టాండులో ఎందుకుంది అన్నదే పొద్దున మా ఇంట్లో జరిగిన గొడవంతా. జల్లిగరిటెకీ పెద్ద చెంచాకీ మధ్య, పసుపుపచ్చ పిడితో, తానూ ఒక గరిటెనే అన్నట్టు నిలబడి ఉంది.

"ఇదేంటి ఇక్కడ?" అన్నాను.

"చోటు దొరక్క పెట్టాను."

"ఇంత ఇంట్లో నా గరిటెల స్టాండే దొరికిందా?"

"తీసి పక్కన పెట్టొచ్చుగా. దానికింత రాద్ధాంతమా?"

"రేపు నేనొచ్చి మీ దుకాణంలో కళ్ళజోళ్ళ అరలో గరిటె పెడతాను. అప్పుడు తెలుస్తుంది రాద్ధాంతమో కాదో."

"పెట్టు, పెట్టు. కళ్ళజోడు కొన్నవాళ్ళకి గరిటె ఉచితం అని బోర్డు రాయిద్దాం" అన్నారు అత్తయ్య. ఆవిడకి మామూలు మాటలు సగమే వినిపిస్తాయి. గొడవలు మాత్రం పూర్తిగా వినిపిస్తాయి.

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. తల్లి వేసిన జోకుకి నవ్వకుండా ఈ మనిషి బూట్లు తొడుక్కుని వెళ్ళిపోవడం నా కాపురంలో నేనెప్పుడూ చూడలేదు. అది ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడు ఈ ఆస్పత్రి రెండో అంతస్తులో, నడవా చివర, నేలకి బిగించిన కుర్చీల వరసలో కూర్చుని కూడా ఆ ముల్లు తీసుకోలేకపోతున్నాను. దుకాణంలో ఆయన పనిముట్లు చూడాలి. వేలి పొడుగు స్క్రూడ్రైవర్లు, చిన్నదాని పక్కన పెద్దది, నల్ల మఖమలు గుడ్డ మీద వరసగా ఉంటాయి. ఒకటి పక్కకి జరిగితే చూడకుండానే చేత్తో సర్దుతారు. అలాంటి మనిషి ఇంట్లో పెద్ద స్క్రూడ్రైవరు దేనికో వాడి, డ్రాయరులో పెట్టకుండా గరిటెల్లో గుచ్చారంటే ఎవరో వస్తున్న అలికిడి విని చేతికందిన చోట దాచారన్నమాట. తెల్లవారుతూనే వంటింట్లోకి వచ్చేది నేనే. నా నుంచే దాచారు. ఏం ఊడదీశారు? కుళాయి బాగానే ఉంది, కుక్కరు పిడి నేను బిగించిందే, అత్తయ్య మంచం కిర్రుమంటూనే ఉంది. ఏదీ మారనట్టే ఉంది. అలా ఉన్నప్పుడే నాకు అనుమానం ఎక్కువవుతుంది.

ఈమధ్య నాకు అన్నిటి మీదా అనుమానమే. ఎదురుగా ఉన్న ఈ తలుపు మీద కూడా. గువ్వ లోపల ఉంది. గువ్వ మా అమ్మాయి, ఆ ముద్దుపేరు వాళ్ళ నాన్న పెట్టింది. డిగ్రీ రెండో ఏడు చదువుతూ, పరీక్షలు ఇంకా దూరంగా ఉండగానే, ఒక సాయంత్రం పెట్టెతో సహా హాస్టలు నుంచి వచ్చేసింది. ఏమైందే అంటే ఏం కాలేదంది. ఎవరైనా ఏమైనా అన్నారా అంటే లేదంది. ఆ తర్వాత 'ఊ', 'వద్దు', 'తర్వాత తింటాను' అనే మాటలు తప్ప ఇంట్లో దాని గొంతు వినపడటం లేదు. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. ఆయన ఆ తలుపు ముందు నిలబడి లోపల్నుంచి చప్పుడేదైనా వస్తుందేమోనని వింటూ ఉండటం నేను చూశాను. నేను నిలబడినప్పుడు ఆయన చూశారో లేదో తెలియదు. ఇద్దరం ఒకేసారి నిలబడలేదు, అంతే తేడా. మాతో చెప్పనిది ఇంకెవరితోనైనా చెబుతుందని ఒకరి దగ్గరికి పంపాం, ఆ ఒకరు మానేసి ఇంకొకరి దగ్గరికి పంపారు, ఆ ఇంకొకరే ఈ తలుపు వెనక ఉన్న ఆస్పత్రి మేడం. నేను ఇటువైపు కుర్చీలో. అన్నిటికంటే తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీ ఏరుకున్నాను. ఏరుకున్నందువల్ల లాభం లేదు. తలుపు పక్కన నేల మీద ఒక చిన్న గుండ్రటి డబ్బా ఉంది, అదేపనిగా గాలి వీస్తున్నట్టు చప్పుడు చేస్తుంది. మొదటిరోజు పాడైపోయిన ఫ్యానేమో అనుకున్నాను. "లోపలి మాటలు బయటికి వినిపించకుండా అండీ" అంది రిసెప్షన్‌లో అమ్మాయి, నన్నూ నా కుర్చీనీ మార్చి మార్చి చూస్తూ. గాలి పెట్టి కప్పాల్సినంత మాటలు ఏం మాట్లాడుకుంటారు? మంచి మాటలకి గాలెందుకు?

గువ్వని మొదట పంపిన సంఘం అక్క దగ్గర ఈ గాలి లేదు. చర్చి హాలు వెనక పాత కుర్చీలు పేర్చే గది ఉండేది, దాన్ని శుభ్రం చేసి ఆవిడకిచ్చారు. ఆ తలుపుకి కళ్ళ ఎత్తులో అద్దం. లోపల ఎవరున్నారో అందరికీ కనబడాలి, ఏం మాట్లాడుతున్నారో ఎవరికీ వినబడకూడదు. హాల్లో ఎవరో ఒకరు కీబోర్డు మీద పాటలు సాధన చేస్తూ ఉంటారు కాబట్టి వినబడదు కూడా. ఆవిడ నాకంటే చిన్నది. ఊరందరికీ అక్కే అయినా నన్ను మాత్రం అక్కా అంటుంది. కౌన్సెలింగు చదివి పట్టా తెచ్చుకుంది, సంఘంలో పాట కూడా పాడుతుంది. ఆయనకి ఆవిడంటే గురి. "మనవాళ్ళు. దేవుడి భయం ఉన్న మనిషి. బయటి వాళ్ళ చేతుల్లో ఎందుకు పెట్టడం?" అన్నారు. ఆయన సంఘ పెద్దల్లో ఒకరు, నేను వెనక బెంచీలో కూర్చునే రకం. మనవాళ్ళు కాబట్టే నాకు భయం వేసింది. బయటివాళ్ళు విన్నది బయటే పోతుంది. మనవాళ్ళు విన్నది ప్రార్థన మనవిగా తిరిగొస్తుంది. పేరు చెప్పరు. "ఒక సహోదరి కూతురి గురించి ప్రార్థించండి" అంటారు, అందరూ కళ్ళు మూసుకుంటారు, మూసుకున్న కళ్ళ వెనక అందరూ లెక్కలు వేసుకుంటారు. నేనూ వేసుకుంటాను. అందుకే చెబుతున్నాను.

మొదటిరోజు సంఘం అక్క ఒక కాయితం ఇచ్చింది. తమ కౌన్సెలర్లు పాటించే నియమాలట, చదువుకుని ఉంచుకోమంది. "సంఘంలో అందరం తెలిసినవాళ్ళమే, కాయితాలెందుకు?" అని ఆయన చూడను కూడా చూడలేదు. నేను మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను. ఇక్కడ ఆస్పత్రిలో అలాంటివే అద్దం కట్టించి గోడకి తగిలించారు. ఇప్పుడు ఒళ్ళో ఆ కాయితం పరిచి, తల ఎత్తి గోడ చూడటం, తల దించి కాయితం చూడటం, ఇదే పనిగా ఉంది. మా ఆయన చీకటి గదిలో కూర్చోబెట్టి కంటి ముందు ఒక అద్దం వేసి "ఇది బాగుందా?" అంటారు, అది తీసి ఇంకోటి వేసి "పోనీ ఇది?" అంటారు, చూసేవాళ్ళు తికమకపడి రెండూ ఒకలాగే ఉన్నాయంటారు. ఆయన నమ్మరు. ఎవరి కంటికీ రెండు అద్దాలు ఒకలాగే ఉండవు, సరిగ్గా చూడటం లేదంతే, అంటారు. సరే, సరిగ్గానే చూస్తున్నాను. గోడ మీద మొదటి వాక్యం 'మా నమ్మకాలను మీ మీద రుద్దము'. కాయితంలో మొదటి వాక్యం 'ప్రతి మనిషినీ దేవుడు విలువైనవారిగా చేశాడు గనుక ఆ విలువను కాపాడతాను'. ఒకరు ఏం చెయ్యరో చెప్పి మొదలుపెట్టారు, ఇంకొకరు ఎందుకు చేస్తారో చెప్పి మొదలుపెట్టారు. నమ్మకాలు రుద్దము అనేవాళ్ళకి నమ్మకాలున్నాయని ఒప్పుకున్నట్టే కదా, మరి అవేమిటో ఎందుకు చెప్పరు? సంఘం అక్క తన నమ్మకం పైకే చెబుతోంది, కానీ అంత నమ్మకం ఉన్న మనిషి ఎదుట మా పిల్ల నోరెత్తగలదా? 'అడిగి, ఒప్పుకుంటేనే ప్రార్థన చేస్తాను, వాక్యం చదువుతాను' అని ఉంది కింద. గువ్వ ఒప్పుకుందో లేదో నాకు తెలియదు. అద్దంలోంచి చూసినప్పుడు ఒకసారి ఇద్దరూ కళ్ళు మూసుకుని ఉన్నారు, ఇంకోసారి ఇద్దరూ నవ్వుతున్నారు. నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. నా దగ్గర నవ్వని పిల్ల కుర్చీలు పేర్చే గదిలో నవ్వుతోంది.

గోడ మీద ఇంకో వాక్యం. 'బయట ఎదురుపడితే, మీరు పలకరిస్తే తప్ప మేము పలకరించము.' అలాగా! మొన్న మందుల దుకాణంలో వరసలో నా వెనకే నిలబడింది ఈ మేడం. నేను తిరిగి చూశాను. నా మొహం మీంచి చూపు అలా జారిపోయింది, గోడ మీద క్యాలెండరుని చూసినట్టు. ఇంటికొచ్చి ఎంత ఉడుక్కున్నానో. మా పిల్ల కడుపులో మాటలన్నీ తోడుకుని, కన్నతల్లిని చూసి ఎవరో అన్నట్టు నిలబడుతుందా, ఏం దాస్తోంది, మొహం చూపించలేనిది ఏం విన్నది అని ఆ పూటంతా మథనపడ్డాను. ఇదన్నమాట సంగతి. పలకరిస్తే పక్కవాళ్ళు 'ఈవిడెలా తెలుసు మీకు' అని అడుగుతారు, అడిగితే చెప్పాలి. కావాలనే చూపు జారవిడిచింది. మర్యాదే, ఒప్పుకుంటాను. కానీ మర్యాద పేరుతో ఎంతైనా దాచొచ్చు. పైగా మా పెరటి నిమ్మకాయలు సంచినిండా తీసుకొస్తే, బహుమతులు తీసుకోమండీ, ఏమీ అనుకోకండి అని చేతులు వెనక్కి పెట్టుకుంది. నిమ్మకాయలు బహుమతా? సంఘం అక్క అలా కాదు, తీసుకుంది. తీసుకుని, అక్కడికక్కడే రెండు కాయలు పిండి, రసం కలిపి నాకే ఒక గ్లాసు ఇచ్చింది. నా నిమ్మకాయల రసం నేనే తాగి వచ్చాను. ఒక్క మాట మాత్రం రాల్చలేదు. ఊరికే ఇచ్చానా నేను ఆ నిమ్మకాయలు? ఇద్దరికీ తెలుసు, ఊరికే ఇవ్వలేదని. ఒకావిడ చేతులు వెనక్కి పెట్టుకుంది, ఒకావిడ గ్లాసు ముందుకి చాపింది, అంతే తేడా.

ఇంకో సంగతి. గువ్వ ఆ గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టక ముందు, ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర సంఘం అక్క నన్ను వాటేసుకుని, "గువ్వ ఎలా ఉందక్కా?" అనేది. మొదలుపెట్టాక వాటేసుకోవడం మానలేదు, అడగడం మానేసింది. అత్తయ్య మోకాళ్ళ నొప్పి అడుగుతుంది, మా కుళాయి సంగతి అడుగుతుంది, పెరట్లో పిల్లి పిల్లల్ని పెట్టిందా అని అడుగుతుంది. గువ్వ పేరు మాత్రం ఎత్తదు. మా పిల్ల లేనట్టే మాట్లాడుతుంది. తెలిసినవాళ్ళ మౌనం తెలియనివాళ్ళ మౌనం కంటే భయంగా ఉంటుంది. చివరికి ఒకరోజు మా ఇంటికే వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, ఇకనుంచి గువ్వని నేను చూడలేను. ఆస్పత్రిలో ఒక మేడం ఉన్నారు, మంచావిడ. గువ్వతో మాట్లాడాను, సరేనంది" అంది. ఎందుకని అడిగాను. నేల చూసింది. "నా దగ్గరుంటే గువ్వకి మంచిది కాదు." అంతే. ఎంత గుచ్చి అడిగినా అంతే. ఆ రాత్రి ఈ కాయితం విప్పితే ఒక వాక్యం కత్తిలా కనబడింది. 'నా మనస్సాక్షి ఒప్పుకోని దారిలో తోడు నడవలేనప్పుడు, నడవగలిగిన వేరొకరికి అప్పగిస్తాను.' అయిపోయింది, అనుకున్నాను. ఏదో విన్నది. దేవుడి మనిషి మనస్సాక్షి ఒప్పుకోనిదేదో మా పిల్ల చెప్పింది. ఏం చేసుంటుంది? ఎవరితో? నేను ఊహించినవన్నీ ఇక్కడ చెప్పను. తల్లి మనసుకి ఊహించడం రాని చెడు ఏదీ ఉండదు. అప్పట్నుంచి గువ్వకి అన్నం పెడుతున్నప్పుడు కూడా దాని చేతులకేసి, మెడకేసి, పొట్టకేసి చూస్తున్నాను. చూస్తున్నానని దానికి తెలుసు. అందుకే గదిలోనే తింటోంది. ఇదిగో, ఈ గోడ మీద దానికి సరిగ్గా ఎదురు వాక్యం ఉంది. 'మా విలువలకు నచ్చలేదన్న కారణంతో ఎవరినీ వేరొకరి దగ్గరికి పంపించము.' చూశావా, ఇక్కడైతే పంపరు. అక్కడైతే పంపుతారు. పంపింది. ఇద్దరిలో ఎవరిది న్యాయం? నచ్చకపోయినా నవ్వు మొహంతో కూర్చునేవాళ్ళదా, నచ్చలేదని చెప్పి తప్పుకునేవాళ్ళదా?

కాని ఆగు. తప్పుకోవడానికి ఈ కాయితంలో ఇంకో వాక్యం కూడా ఉంది. దీన్ని ఎన్నిసార్లు చదివినా నా కళ్ళు దాటుకుంటూ పోయాయి, కత్తిలాంటి వాక్యం కోసం తొందరపడుతూ. 'ఒకే సంఘంలోని వాళ్ళం గనుక మా మధ్య వేరే బంధాలు తప్పకపోవచ్చు. ఆ బంధాలు సహాయానికి అడ్డొస్తే నేనే తప్పుకుంటాను. వచ్చినవారి అనుమతి లేకుండా కాపరికైనా, సంఘ పెద్దలకైనా, ఇంటివారికైనా చెప్పను.' సంఘ పెద్దలకైనా. గోడ మీద ఈ మాట లేదు, ఉండాల్సిన పని లేదు, ఆస్పత్రిలో సంఘ పెద్దలుండరు. ఈ కాయితం రాసినవాళ్ళు మా బోటి సంఘాలు చూసే రాశారు. సంఘ పెద్దలకైనా. ఆ గది ఇచ్చింది సంఘ పెద్దలు. ఆవిడ జీతం చూసేది సంఘ పెద్దలు. సంఘ పెద్దల్లో మా ఆయన. ఆవిడ తప్పుకోక ముందు ఒకరోజు ఆరాధన అయ్యాక నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే, హాలు మూల పేర్చిన కుర్చీల దగ్గర ఆయనా సంఘం అక్కా నిలబడి ఉన్నారు. ఆయన వంగి, గొంతు తగ్గించి ఏదో అంటున్నారు. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది, కుర్చీల వరస కదిలి పైది కిందపడింది. ఆ చప్పుడుకి నేను తిరిగి చూశాను. "రిపోర్టు" అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. హాలుకి రంగులు వేయించే సంగతేమో అనుకున్నాను. రంగులకి రిపోర్టేమిటి? ఆ సంగతి మాట్లాడుతుంటే ఎవరైనా వెనక్కి అడుగేస్తారా? ఆవిడ మా ఇంటి గుమ్మంలో నిలబడి నేల చూసింది దాని తర్వాతే. 'నా దగ్గరుంటే గువ్వకి మంచిది కాదు' అంది. నేను దాన్ని ఎటు తిప్పి విన్నాను! గువ్వ మాటలు ఆవిడకి మంచివి కావని విన్నాను. ఆవిడ దగ్గరుంటే గువ్వ మాటలు గువ్వవి కాకుండా పోతాయని చెప్పింది ఆవిడ. మా ఆయన్ని నా ముందు ఒక్క మాట అనకుండా, నా కూతుర్ని ఒక్క మాట అననివ్వకుండా, నేల చూసి తప్పుకుంది. తప్పుకుని ఎవరికి అప్పగించింది? మా పెద్దలెవరి చెయ్యీ అందని చోట, నేల మీద గాలి డబ్బా పెట్టుకున్న మనిషికి.

అయితే అనుమానం ఇప్పుడు మా ఇంటికేసి తిరిగింది. తిరగ్గానే పసుపుపచ్చ పిడి కనబడింది. పొద్దున బయల్దేరేముందు గువ్వ గది తలుపు తట్టాను. వేలు తగలగానే తలుపు దానంతటదే కదిలి తెరుచుకుంది. లోపల గువ్వ జడ వేసుకుంటోంది. అద్దంలో నన్ను చూసింది, తలుపు చూసింది, మళ్ళీ నన్ను చూసింది. నేను "టైమైంది" అన్నాను. తలుపు లోపలివైపు రంగు తేడాగా ఒక పొడుగాటి మచ్చ, దాని చుట్టూ చిన్న చిన్న చిల్లులు. అన్నీ నా కళ్ళకి కనబడ్డాయి, నేనే చూడలేదు. గడియ ఊడదీశారు. అది స్నానానికి వెళ్ళినప్పుడు ఊడదీసి, నేను వస్తున్న అలికిడి విని స్క్రూడ్రైవరు గరిటెల్లో గుచ్చేశారు. గువ్వ నన్ను అద్దంలో చూసిన చూపు ఇప్పుడు అర్థమవుతోంది. ఇది నీ పనా, నాన్న పనా, మీ ఇద్దరి పనా అని. టైమైంది అన్నాను నేను. ఆయన మీద కోపం వచ్చింది, కాని దాని అడుగున ఇంకేదో ఉంది. ఎందుకు ఊడదీశారో నాకు తెలుసు. గడియ వెనక ఏం జరుగుతుందోనని ఆయనా నిద్రపోవడం లేదు. నేనూ పోవడం లేదు. పక్కపక్కనే పడుకుని, నిద్రపోతున్నట్టు ఊపిరి తీస్తూ, ఒకరినొకరు మోసం చేసుకుంటున్నాం. ఆయన గడియ తీశారు, నేను నిమ్మకాయలు మోశాను. ఇద్దరం ఒకే దొంగతనానికి రెండు దార్లు వెతుక్కున్నాం.

కాయితం మడవబోతూ చివరి వాక్యం చూశాను. గోడ మీద చివరి వాక్యం చూశాను. మా ఆయన నమ్మరు గాని, రెండు అద్దాల్లోంచీ ఇది ఒకలాగే కనబడింది. 'ప్రాణానికి ప్రమాదం అని తెలిస్తే, అనుమతి కోసం ఆగకుండా, కాపాడగలిగిన వాళ్ళకి చెబుతాము.' దేవుడి పేరు ఉన్న కాయితంలోనూ అదే, లేని గోడ మీదా అదే. ఇది నాకు కొత్త కాదు. సంఘం అక్క మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు, నాతో పాటు కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ అంది, "చెప్పాల్సి వస్తే ఎవర్నీ అడగనక్కా, వేళకాని వేళైనా వచ్చి మీ తలుపు కొడతాను. నేను రాలేదంటే నిద్రపోండి." మాట వరసకి అనుకున్నాను. ఈ మేడం కూడా మొదటిరోజు గువ్వ ఎదుటే చెప్పింది, అలాంటిదేదైనా ఉంటే మీకు నేనే ఫోన్ చేస్తాను, అది మీ అమ్మాయికీ చెప్పాను, మిగతాదంతా ఆమెది, అని. అప్పట్నుంచి ఫోను చేతిలోనే పట్టుకుని తిరుగుతున్నాను. మోగలేదు. మోగలేదని కోపం తెచ్చుకున్నాను, మా సంగతి పట్టదు వీళ్ళకి అనుకున్నాను. సంఘం అక్క తలుపు కొట్టలేదు, దాస్తోంది అనుకున్నాను. ఇన్నాళ్ళూ నేను దాపరికం అనుకున్నది వాళ్ళు నాకు పంపుతున్న కబురు. కొట్టని తలుపు, మోగని ఫోను. పిల్ల ఉంది. బాధలో ఉంది, కాని ఉంది. ఇద్దరు మనుషులు, ఒకరు దేవుడికి జవాబు చెప్పుకోవాలనుకునేవాళ్ళు, ఒకరు మనుషులకి చెప్పుకోవాలనుకునేవాళ్ళు, ఇద్దరూ వేరువేరుగా చూసి చెప్పనవసరం లేదనుకున్నారు. వాళ్ళకి తెలియకపోతే? పిల్ల వాళ్ళ దగ్గర కూడా దాస్తే? ఈ అనుమానం పోలేదు. పోదు కూడా, దీన్ని నాతోనే ఉంచుకోవాలి కాబోలు. కాని దీన్ని గువ్వ మెడలో వేలాడదియ్యకూడదు.

తలుపు తెరుచుకుంది. ముందు గువ్వ వచ్చింది, వెనక మేడం. గువ్వ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, భుజాలు మాత్రం వచ్చినప్పటికంటే కిందికి దిగి ఉన్నాయి. నా నోట్లో 'ఏమన్నావు' అన్న మాట నాలుక చివర ఉంది. అది కాకుండా ఇంకోటి అడిగాను.

"మేడం, మా అమ్మాయి గదికి లోపల గడియ ఉండొచ్చా?"

మేడం నాకు జవాబు చెప్పలేదు. గువ్వకేసి తిరిగి, "చెప్పనా?" అంది. ఎవరైనా నా కూతుర్ని అలా అడగడం నేను చూడటం అదే మొదలు. గువ్వ నన్ను చాలాసేపు చూసింది, నన్ను తూకం వేస్తున్నట్టు. అనుమానపు చూపు. ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో ఏమిటి, నాదే. తర్వాత తల ఊపింది.

"ఉండొచ్చండీ" అంది మేడం. "ఉంటే మంచిది కూడా."

బస్సులో గువ్వ కిటికీ పక్కన కూర్చుంది. దారంతా నేను దాని చేతులకేసి చూడలేదు. చూడకుండా ఉండటం ఇంత కష్టమైన పనని నాకు తెలియదు.

రాత్రి భోజనాలకి గువ్వని పిలిచాను, గదిలోకి పళ్ళెం పంపనని. వచ్చింది. అత్తయ్య పక్కన కూర్చుంది. ఆయన ఎదురుగా కూర్చుని, అన్నం కలుపుతూ, గువ్వని కాకుండా నన్ను అడిగారు, ఏదో దుకాణం సంగతి అడిగినట్టు తేలిగ్గా, "ఏమందట ఆవిడ?"

కూర గిన్నె కింద పెట్టాను. "ఏమందో నాకు తెలియదు. ఇకనుంచి తెలుసుకోను కూడా. ఈ ఇంట్లో ఎవరమూ గువ్వని లోపల ఏం మాట్లాడావని అడగం. నేను అడగను, మీరు అడగరు. దాన్నే కాదు, ఆవిణ్ణీ అడగరు, సంఘం అక్కనీ అడగరు, కుర్చీల పక్కన నిలబెట్టి రిపోర్టు ఇమ్మనరు."

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "తండ్రిని. అడిగే హక్కు లేదా నాకు?"

"తండ్రిగా అడిగితే ఆవిడ కాదనేది, మీరు ఊరుకునేవారు. సంఘ పెద్దగా అడిగారు. రేపు పాస్టరుగారికి చెప్పండి, ఆవిడ గది సంగతి చూసే పెద్దల్లోంచి మీరు తప్పుకుంటున్నారని."

"ఏదైనా అయితే?" అన్నారు. ఇన్ని రోజులుగా మా పక్కల మధ్య పడుకున్న మాట అది. మొదటిసారి పైకి వచ్చింది.

"అయ్యేలా ఉంటే మనకి చెప్పకుండా ఉండరు. ఇద్దరూ మాటిచ్చారు. వాళ్ళు రాలేదంటే మనం నిద్రపోవాలి" అన్నాను. "అన్నం తిని లేవండి. గడియ రేపటిదాకా ఆగదు, ఇప్పుడే బిగించాలి. స్క్రూడ్రైవరు డ్రాయరులో ఉంది. దాని చోట్లో."

అత్తయ్య మా ముగ్గురి మొహాలూ చూసి, గొడవే అయ్యుంటుంది గాని ఈసారి పూర్తిగా వినపడలేదే అన్నట్టు, "ఏమంటోందే మీ అమ్మ?" అన్నారు గువ్వని మోచేత్తో పొడిచి.

గువ్వ చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టింది. నానమ్మ చెవి దగ్గరికి వంగి, ఇల్లంతా వినబడేట్టు చెప్పింది, "నా గదికి గడియ మళ్ళీ పెడతారట, నానమ్మా."

"అదా!" అన్నారు అత్తయ్య. "అయితే నా గదికి కూడా ఒకటి పెట్టమను. మీ నాన్న ఊరికే వచ్చి నా మందులు లెక్కపెడుతున్నాడు."